ఎర్రబుగ్గ వెలిగించిన గొంతు

నా తెలివితక్కువతనం కాయలు కాసింది. మాటవరసకు అనడం లేదు. కావాలంటే వచ్చి చూడవచ్చు. వనపర్తిలో మా రికార్డింగు దుకాణం వెనక, గోడవారన, ఒక బొప్పాయి చెట్టు ఉంది. దాన్ని నేను నాటలేదు. నేను తవ్వించింది ఎర్తింగు గుంత. మైకులో ఒకాయన గొంతు పదేపదే పగులుతుంటే లోపం కరెంటులో ఉందని నమ్మి, గుంత తీయించి, బొగ్గూ ఉప్పూ పోయించి, రాగిరేకు దింపించి, తడి ఆరితే పనిచేయదన్నారని రోజూ బకెట్టుతో నీళ్లు పోస్తూ వచ్చాను. పొర్లిన నీళ్లు చేరినచోట, ఎవరు ఉమ్మిన గింజో, మొలకెత్తింది. గొంతు పగలడం మాత్రం ఆగలేదు. నీళ్లు పోసి చెట్లు పెంచినవాళ్లు చాలామంది ఉంటారు. మైకు బాగుపడాలని నీళ్లు పోసి బొప్పాయి పండు తిన్నవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే.

ఆ గొంతుగలాయన మొన్న వానల్లో పోయాడు. అప్పటినుంచి బకెట్టు చేత్తో పట్టుకున్నప్పుడల్లా ఆయన మాటే చెవిలో పడుతోంది: “ఇయ్యాల నీళ్లు పోసిండ్రా సార్, మీ మిషన్‌కు?”

ఊరికి ఆయన మైకాయన. అసలు పేరు ఆధార్ కార్డుకు తప్ప మరెవరికీ పనికిరాలేదు. పుట్టింది వీపనగండ్ల దిక్కు. బతికింది ఆటో వెనక సీటులో. ఆటో పైన బాకా, చుట్టూ గుడ్డ బ్యానర్లు, లోపల ఆయన. రేపు నల్లా నీళ్లు రావన్నా, బడిలో పిల్లల్ని చేర్చమన్నా, బట్టల దుకాణంలో కొత్త సరుకు దిగిందన్నా ఆ గొంతు చెబితేనే ఊరు నమ్మేది. ముందు సీటులో చెన్నయ్య. ఆటో చెన్నయ్యది, దారి ఎటో చెప్పేది ఈయన.

మైకు పట్టుకునే ముందు చెప్పులు విడిచేవాడు. జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకునేవాడు. బ్యానర్ల చాటున కూర్చున్న మనిషిని ఎవరు చూస్తారన్నా అని ఒకసారి అడిగాను.

“ఇనేటోళ్లు సూస్తరు సార్. తల చెదిరుంటే మాట గుడ చెదురుతది.”

అందరిలా హలో హలో అనడం, మైకును వేలితో టకటకా కొట్టడం ఆయనకు నచ్చేది కాదు. మైకు మీటనొక్కి, “ఇనవడుతుందా అమ్మా?” అని అడిగేవాడు. ఏ అమ్మనో ఆయనకే తెలియదు. వీధిలో ఏదో ఒక ఇంట్లోంచి, బియ్యం చెరిగే ఆమో బట్టలారేసే ఆమో, “ఇనవడుతుందయ్యా, జెప్పు” అని కేకేసేది. ఆ కేక వచ్చేదాకా మొదలుపెట్టేవాడు కాదు. రానిచోట ఇంకోసారి అడిగేవాడు, ఎండలో ఆటో ఆపి మరీ.

నాలుక కింద ఎప్పుడూ ఒక లవంగం. చాయ్‌ని ఆయన చాయ్ అనేవాడు కాదు, “గొంతుకు గ్రీసు” అనేవాడు. లోకంలో మనుషుల్ని రంగును బట్టో, కులాన్ని బట్టో, సంపాదనను బట్టో కాక గొంతును బట్టి లెక్కగట్టేవాడు. బట్టల సేటుది తుప్పు పట్టిన షట్టరు. చెన్నయ్యది సైలెన్సరు ఊడిన బండి. నా సంగతి అడిగితే కాసేపు మొహమాటపడ్డాడు.

“చెప్పన్నా, ఏమనుకోను.”

“మీది రేషన్ దుకాణం గొంతు సార్. ఉన్నదంటరు. పోయి సూస్తే ఉండదు.”

చెన్నయ్య చాయ్ పొలమారి దగ్గాడు. నేను కూడా నవ్వాను, ఉన్నంత గొంతుతో.

ఇంతకీ నా దుకాణం సంగతి. క్యాసెట్లు నడిచిన కాలంలో నేను కోరిన పాటలు క్యాసెట్టులో నింపి ఇచ్చేవాణ్ణి. ఆ కాలం పోయాక కొన్నాళ్లు ప్రైవేటు బడిలో పిల్లలకు కంప్యూటరు చెప్పాను. ‘సారు’ అన్న పేరు అక్కడ అంటిందే. తర్వాత మళ్లీ పాత జబ్బు తిరగబెట్టి, ఒక గదికి లోపల పరుపుముక్కలు అంటించి, ఒక మైకు, ఒక డబ్బా కొని, బయట ‘డిజిటల్ రికార్డింగ్’ అని బోర్డు పెట్టాను.

డబ్బా అన్నది చిన్నమాట. పని మాత్రం పెద్దది. మైకు గొంతును పట్టి ఇచ్చేది చీమ నడకంత కరెంటు. డబ్బా మొదట దాన్ని పెంచుతుంది. ఎంత పెంచాలో చెప్పే మీట మన చేతిలో ఉంటుంది. పెంచినదాన్ని సన్నగా, రెప్పపాటులో కొన్ని వేల ముక్కలుగా తరిగి, ఒక్కో ముక్క ఎంత ఎత్తు ఉందో కొలిచి అంకె వేస్తుంది. కంప్యూటరు దాచుకునేది గొంతును కాదు, ఆ అంకెలను. అయితే అంకెలకు ఒక పైకప్పు ఉంది. గొంతు పైకప్పుకు తగిలితే డబ్బా మీద ఎర్రలైటు వెలుగుతుంది. మా దిక్కు లైటును బుగ్గ అంటాం కనుక, ఎర్రబుగ్గ. పైకప్పు దాటినదానికి వేయడానికి అంకె లేదు. డబ్బా దాన్ని అక్కడికి కోసేస్తుంది. తెర మీద గుండ్రంగా లేవాల్సిన అలలు పైన బల్లపరుపుగా, తలలు లేకుండా నిలబడతాయి. వింటే పగిలిన రేకు మీద గులకరాళ్లు దొర్లినట్టుంటుంది. తెగిన తలను మళ్లీ అతికించే మందు నాకు తెలిసి లేదు.

క్యాసెట్టుకు ఇంత పట్టుదల ఉండేది కాదు. మీటరు సూది ఎరుపులోకి పోయినా కొంత సర్దుకునేది. పైగా కాస్త ఎరుపులోకి నెడితేనే టేపు బుస వినపడకుండా ఉండేది. ఆ పాత బుద్ధితోనే నేను కొత్త డబ్బా ముందు కూర్చున్నాను. మీట పైకి తిప్పి, పచ్చబుగ్గలన్నీ దాటించి, గొంతును ఎరుపు అంచున నిలబెట్టేవాణ్ణి. గోడ అంచున నిలబడ్డవాణ్ణి పడేయడానికి ఒక తుమ్ము చాలు. మైకాయన తుమ్మేవాడు కాదు. గర్జించేవాడు.

సేటుకు గద్వాలలో, నాగర్‌కర్నూలులో, వనపర్తిలో దుకాణాలున్నాయి. దసరా ముందు ఒకరోజు నా దగ్గరికి వచ్చాడు.

“సారూ, ఆడోళ్లు ఆయన గొంతు ఇంటేనే దుకాండ్లకొస్తరు. ఆయనొక్కడు మూడు తావుల ఉండలేడు గద. ఒక్కపారి పట్టియ్యి. చిప్పులల్ల ఎక్కిచ్చి, ఎన్ని ఆటోలంటే అన్ని తిప్పుకుంట.”

నాకది పెద్ద బేరం. మూడు పట్నాలలో నా డబ్బా పని వినిపిస్తుంది. మైకాయన కూడా కాదనలేదు. దువ్వెనతో సహా వచ్చాడు, గడప దగ్గర చెప్పులు విడిచాడు, మైకుకు తన చేతిరుమాలు కప్పబోతే నేను వద్దన్నాను.

“అన్నా, ముందుగాల ఒక్కసారి మామూలుగ అను. మీట పెట్టుకుంట.”

“అమ్మలారా, అక్కలారా, గద్వాల పట్టు…” పాలలో వెన్న కరిగినట్టు అన్నాడు. మీట పెట్టుకున్నాను. మొదలుపెట్టమని వేలు చూపించాను. ఆయన గుండెనిండా గాలి పీల్చి, మైకు మీదికి వంగి, “గద్వాల పట్టూ!” అన్నాడు. ఎర్రబుగ్గ వెలిగి ఆరడం మరిచింది.

మీట తగ్గించాను. ఈసారి చెవిలో రహస్యం చెప్పినట్టు చెప్పాడు. ఆయన గొంతుకంటే పక్కింటి మిక్సీ బాగా పడింది. మీట పెంచాను. మళ్లీ గర్జన. ఇద్దరం తక్కెడకు చెరోపక్క కూర్చున్నట్టు, నేను దిగితే ఆయన లేచేవాడు, నేను లేస్తే ఆయన దిగేవాడు.

“ఏంది సార్, మళ్ల పలిగిందా?”

“పలిగిందన్నా.”

“నా గొంతుకు ఆగుతలేదు సార్ అది. జరమొచ్చినట్టుంది మిషన్‌కు.” అంటూ డబ్బా మీద చెయ్యి వేసి చూసేవాడు, చంటిపిల్ల నుదురు చూసినట్టు.

నేను తీగ మార్చాను. డబ్బా మార్చాను. తెలిసిన ఎలక్ట్రీషియన్ వచ్చి, ఎర్తింగు సరిగా లేదు సారూ అన్నాడు. గుంత అలా వచ్చింది. ఆ రోజునుంచి మైకాయనకు నన్ను పలకరించడానికి కొత్త మాట దొరికింది. చాయ్ దుకాణం ముందు, పల్లికాయల లారీలు ఆగే మార్కెట్టు దగ్గర, నేను మా ఆవిడతో వెళుతున్నా సరే, ఆటోలోంచి తల బయటపెట్టి అడిగేవాడు: “నీళ్లు పోసిండ్రా సార్?” మా ఆవిడ ఇంటికొచ్చి, “ఏం పంట పెట్టినవ్?” అంది.

ఒక మధ్యాహ్నం, చెన్నయ్య కూడా లోపలే కూర్చుని ఉండగా, మళ్లీ ప్రయత్నించాం. మళ్లీ పగిలింది. ఉండన్నా, నీళ్లు పోసి వస్తా అని బకెట్టు తీసుకుని వెనక్కి పోయాను. డబ్బాను ఆపడం మరిచాను. నా మతిమరుపు ఈ జన్మలో నాకు చేసిన మేలు అదొక్కటే. తిరిగి వచ్చేసరికి ఇద్దరూ లేచి నిలబడ్డారు, రేపొస్తం సార్ అని వెళ్లిపోయారు. పగిలిన ముక్కను చెరిపేద్దామని కూర్చుని తెర చూస్తే, తలలు లేని అలల తర్వాత చక్కని గుండ్రటి అలలు కనపడ్డాయి. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించాను.

మొదట చెన్నయ్య గొంతు. “అన్నా, సారు గింత ఎండల నీళ్లు మోస్తుండు పాపం. గట్ల సతాయించుడు తప్పు గాదా?”

“తప్పే తమ్మీ.”

“మరి జర మెల్లగ జెప్పరాదు?”

“మెల్లగ జెప్తే పడతది. పడితే చిప్పుల ఎక్కుతది. ఇగ మూడూళ్లల్ల నా గొంతు తిరుగుతది, నన్ను మాత్రం ఎవ్వడు ఆటో ఎక్కియ్యడు. అది చీరలమ్ముతుంటే నేను ఇంట్ల గోడకు ఒరిగి ఇనుకుంట కూసోవాలె. గా ఎర్రబుగ్గ వెలగకుంటే నా పొయ్యి వెలగదు తమ్మీ.”

“సేటు హైదరాబాద్ తీస్కపోతే?”

“గాడికి పోతే దొరికిపోత. సారు మంచోడు గనుకనే ఈడికొస్తున్న.”

కాసేపు చాయ్ చప్పరించిన చప్పుడు. తర్వాత చెన్నయ్య అడిగాడు: “నాకోసమన్న ఒక్కపారి మంచిగ జెప్పే. ఇనాలనున్నది.”

ఆయన గొంతు సవరించుకున్నాడు. మైకు వైపు వంగలేదు. కుర్చీలో వెనక్కి వాలి, చెన్నయ్య మొహం చూస్తూ చెప్పినట్టుంది. అమ్మలారా అన్నప్పుడు ఎవరో వాకిట్లోకి వచ్చి నిలబడ్డట్టు అనిపించింది. పట్టు అన్నప్పుడు పట్టు నలిగిన చప్పుడు వినపడ్డట్టే ఉంది. మొదటినుంచి చివరిదాకా ఒక్క అలకూ తల తెగలేదు. లెక్క చూస్తే అలలు పైకప్పుకు సగం ఎత్తున కూడా లేవు. ఈ డబ్బాలలో కింద కావలసినంత చోటుంటుందనీ, క్యాసెట్టులాగా అంచుదాకా నింపనక్కర్లేదనీ, మీట సగానికి పెట్టుకుంటే ఆయన గర్జించినా ఏమీ అయ్యేది కాదనీ ఆ మధ్యాహ్నమే నాకు అర్థమైంది. ఆయన మోసం తెలిసినందుకు ముందు కోపం వచ్చింది. గుంత గుర్తొచ్చి ఇంకా ఎక్కువ వచ్చింది. ఆ కోపంలో సగం నా మీదిదే అని తేలేసరికి తగ్గింది.

మర్నాడు పొద్దున సేటు వచ్చాడు. “పట్టినవా సారూ?”

ఆ ముక్క తెర మీదే ఉంది. ఒక్క మీట నొక్కితే చాలు, చిప్పులోకి ఎక్కేది. నా బోర్డుకు పేరొచ్చేది, సేటు పండగ అమ్మకం సాగేది. అవతల ఒక మనిషి దసరాకు ఇంట్లో గోడకు ఒరిగి, వీధిలో తన గొంతు పోతుంటే వింటూ కూర్చునేవాడు. బకెట్టు బరువుకంటే ఆ వేలు బరువైంది.

“ఆగుతలేదు సేటూ,” అన్నాను. “మా మిషన్ తట్టుకుంటలేదు.”

“మరి బోర్డు మీద డిజిటల్ అని గంత పెద్దగ రాసుకుంటివి?”

“రాసింది బోర్డాయన.”

“హైదరాబాద్ తీస్కపోవాల్నంటవా?”

“ఆడ గుడ పలుగుతది. ఆ గొంతు డబ్బలకు గాదు సేటూ, బాకాలకే.”

నేను జీవితంలో అంత ధీమాగా చెప్పిన అబద్ధం మరొకటి లేదు. బహుశా అందుకే రేషన్ దుకాణం గొంతు కూడా ఆ ఒక్కరోజు పనిచేసింది. సేటు కాసేపు సణిగి, చివరికి మైకాయనను మాట్లాడుకున్నాడు. ఒకరోజు గద్వాల, ఒకరోజు నాగర్‌కర్నూలు, ఒకరోజు వనపర్తి. పండగ దాకా ఆటో తిరుగుతూనే ఉంది. మా దుకాణం ముందుకు వచ్చినప్పుడు మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగేది.

నా పేరు కూడా ఊరంతా తిరిగింది. ‘ఖరాబు మిషన్ సారు’ అని. చిన్నచిన్న ప్రకటనలు చేయించుకునేవాళ్లు కూడా, “మా వాని గొంతు మెత్తనిదే సారూ, ఆగుతదా?” అని ఒకటికి రెండుసార్లు అడిగి మరీ కూర్చునేవారు. మైకాయన ఆ మాటను ఎక్కడా తగ్గనివ్వలేదు. “హైదరాబాద్‌ల నుంచి తెచ్చిన మిషన్ సార్ది, నా గొంతుకు ఆగలే” అని గద్వాల బస్టాండులో చెప్పుకున్నాడని చెన్నయ్యే వచ్చి చెప్పాడు. నేను నీళ్లు పోయడం ఆపలేదు. ఆపితే నాకు తెలిసిపోయిందని ఆయనకు అనుమానం రావచ్చు. మరి ఆయన నా మొహం ఎలా చూస్తాడు? బొప్పాయి మొక్క నడుమెత్తు అయింది. తర్వాత తలెత్తు అయింది. మొదటి పండు కోసి ఆయనకే ఇచ్చాను. తిని, గింజలు అరచేతిలో పెట్టుకుని చూసి, “మిషన్ పండు మంచిగున్నది సార్” అన్నాడు.

ఆయన గర్జన అందరికీ తెలుసు. గర్జించని గొంతు ఇంకొకటి ఉండేది. ఎవరైనా పోయినప్పుడు ఊళ్లో చెప్పే గొంతు. అప్పుడు ఆటో మెల్లగా నడిచేది. బాకా చప్పుడు సగానికి తగ్గించేవాడు. దవాఖాన దగ్గరికి రాగానే పూర్తిగా ఆపేసేవాడు. లోపల పడుకున్నవాళ్లు వినకూడదట. పోయినవాళ్ల ఇంటి ఆనవాయితీ ఏదో ముందే అడిగి తెలుసుకునేవాడు. ఒకరింటికి శివైక్యం, ఒకరింటికి ప్రభువునందు నిద్రించడం, ఒకరింటికి ఇంతెకాల్, ఒకరింటికి కాలంచేయడం. ఒక ఇంటి మాట ఇంకో ఇంటికి వాడేవాడు కాదు.

ఒకసారి ఒక కుటుంబంవాళ్లు నా దగ్గరికి వచ్చారు. పెద్దాయన పోయాడు, బంధువులు లింగాల నుంచి బల్మూరు దాకా ఊరూరా ఉన్నారు, ఒక్కసారి రికార్డు చేసిస్తే ఆటోలు పంపుతాం అన్నారు. మైకాయనను పిలిపించాను. వచ్చాడు. చెప్పులు విడవలేదు.

“దీనికి మాత్రం డబ్బ వద్దు సార్.”

ఆ కుటుంబంవాళ్ల ముందు ఏం మాట్లాడాలో తెలియక, “మెల్లగనే చెప్తవ్ గదన్నా, పగలదులే” అన్నాను. మాట జారాక నాలుక కరుచుకున్నాను. ఆయన విననట్టే ఉన్నాడు.

“పలిగేది గాదు సార్. మనిషి పోయిండని మనిషే జెప్పాలె. డబ్బకేం తెలుసు? ఇయ్యాల జెప్తది, ఆపుడు మరిస్తే రేపు గుడ జెప్తది. పోయినోడు ఒక్కపారే పోవాలె గద.”

ఆ కుటుంబంలో పెద్దకొడుకు తల ఊపాడు. మైకాయన ఆ రోజు ఆటోలో లింగాల దాకా పోయాడు. తిరిగి వచ్చేసరికి గొంతు బొంగురుపోయి, వారం రోజులు సైగలతో బతికాడు. ఆ వారంలో కూడా నన్ను చూసినప్పుడల్లా చేత్తో బకెట్టు వంచినట్టు చూపించి కనుబొమలు ఎగరేసేవాడు.

మొన్న వానల్లో, ఒక పొద్దున, చెన్నయ్య ఆటో మా దుకాణం ముందు ఆగింది. వెనక సీటు ఖాళీగా ఉంది.

“సారూ, అన్న పోయిండు. నిద్రలనే పోయిండు.”

చెన్నయ్య తువ్వాలుతో మొహం తుడుచుకుని అసలు సంగతి అడిగాడు. “ఊళ్లె ఎవరు జెప్తరు సారూ? మా బామ్మర్ది ఫోన్ల రాసిస్తే సదివే గొంతుంది, పెడతనంటుండు. మీ తాన అన్న గొంతే ఉన్నది గద. అది పెట్టరాదు?”

నా దగ్గర ఆయన గొంతు ఎంతో ఉంది. పగిలినవి ఎన్నో, పగలనిది ఒకటి. ముక్కలు కోసి అతికిస్తే ఆయన చేతనే ఆయన కబురు చెప్పించవచ్చు. అంత పని ఇప్పుడు నాకు వచ్చు. కానీ చెప్పులు విడవకుండా నిలబడ్డ మనిషి కళ్లలో మెదిలాడు.

“వద్దు చెన్నయ్యా. మనిషే చెప్పాలె.”

“ఎవరు?”

ఊళ్లో ఆ సమయానికి దొరికిన మనిషి గొంతు రేషన్ దుకాణంది. ఏం చేస్తాం.

ముందు ఆయన ఇంటికి పోయాం. భార్య వాకిట్లో కూర్చుని ఉంది. దగ్గరికి పోయి, “అమ్మా, ఏ మాట వాడమంటవు? మీ ఇంట్ల ఎట్లంటరు?” అని అడిగాను. ఆయనైతే ఇది ముందే అడిగేవాడు.

“పోయిండు అనుండ్రి సారూ. నేను దినాం గట్లనే అంటుంటి. ఎవరన్న వచ్చి ఆయనేడి అంటే, ఆటోల పోయిండు అంటుంటి.”

సరే అని లేవబోతుంటే కొంగుతో కళ్లు తుడుచుకుంటూ అంది: “మిమ్ముల శాన సతాయించిండు సారూ.”

“లేదమ్మా, మా మిషనే…”

“ఊకోండ్రి సారూ. ఆ దినం మీరు నీళ్లకు పోయిన్నాడు, చెన్నయ్యతోని మాట్లాడినంక సూసిండంట, మిషన్ మీద పచ్చబుగ్గ ఎగురుతుండెనంట. అంత పడిపాయె, ఇగ సారు సేటుకిస్తడు, నా పని ఖతం అని ఇంటికొచ్చి అన్నం ముట్టలే. తెల్లారి సేటు ఆయనను పనికి పిలిస్తే అప్పుడు తిన్నడు.”

చెన్నయ్య నేలచూపులు చూస్తున్నాడు.

“మరి ఇన్నేండ్లు నీళ్లు పోసిండ్రా, నీళ్లు పోసిండ్రా అని…” అన్నాను.

“అడుగుడు బందువెడితే ఆయనకెర్కైందని మీకు అనుమానమొస్తది గద సారూ. మీరు సిగ్గువడి శరమిందా అయితరని అడుగుతుండె.” ఏడుస్తున్న ముఖంలోనే ఆమెకు చిన్న నవ్వు వచ్చింది. “మీరు గుడ ఒక్క మాట అనుండ్రి ఆయనను. అనకుంటే బాకీ ఉన్నట్టుంటది.”

అంటే, ఆయనకు తెలియకూడదని నేను నీళ్లు పోశాను. నాకు తెలియకూడదని ఆయన అడిగాడు. ఇద్దరం కలిసి ఒక బొప్పాయిని పెంచాం.

ఆటో ఎక్కాను. చెప్పులు విడిచాను. దువ్వెన లేదు, చేత్తోనే తల సవరించుకున్నాను. బజారు మొదట్లో చెన్నయ్య ఆటో ఆపి, ఆంప్లిఫయరు మీట వేసి, మైకు నా చేతికిచ్చాడు.

“ఇనవడుతుందా అమ్మా?”

జవాబు లేదు. వాన తుంపర పడుతోంది. గొంతు సవరించుకుని మళ్లీ అడిగాను. ఒక మేడ మీదినుంచి, తడవకుండా బట్టలు తీస్తున్న ఒకామె వంగి చూసి, ఆటోలో ఆయన బదులు నేనుండటం చూసి, కాస్త ఆలస్యంగా కేకేసింది. “ఇనవడుతుంది సారూ. జెప్పు.”

చెప్పాను. ఇన్నాళ్లు మన వీధుల్లో మన కబుర్లు మనకు చెప్పిన మైకాయన ఈ పొద్దున పోయిండు అని చెప్పాను. ఆయన పేరు కూడా చెప్పాను. చాలామంది మొదటిసారి విన్నట్టున్నారు. దహనం ఎప్పుడో, ఎక్కడో చెప్పాను. గొంతు రెండు చోట్ల అందలేదు. దవాఖాన దగ్గర చెన్నయ్య అడగకుండానే బాకా ఆపాడు. మళ్లీ బజారులోకి వచ్చాం. సేటు దుకాణం మెట్ల మీదికి వచ్చి చేతులు జోడించి నిలబడ్డాడు. చాయ్ దుకాణంలో రేడియో ఆపేశారు. జనం ఒక్కొక్కరే గడపల్లోకి వస్తున్నారు. ఇంతకంటే మంచి సమయం నాకు మళ్లీ దొరకదనిపించింది.

“ముఖ్య గమనిక,” అన్నాను, అచ్చం ఆయనలాగే గుండెనిండా గాలి పీల్చుకుని, మైకు మీదికి వంగి. “ఊళ్ల అందరికి తెలియజేయునది ఏమనగా, నా మిషన్ ఖరాబు గాలే! ఎన్నడూ గాలే! ఈయననే కావాలని పలగగొట్టిండు!”

సేటు జోడించిన చేతులు విడిపోయాయి. ఎవరో ఒకామె ఫక్కున నవ్వి, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వు ఒక గడప నుంచి ఇంకో గడపకు పాకింది. నవ్వుతున్నవాళ్ల కళ్లు తడిగా ఉన్నాయి. వాన వల్లేమో, చెప్పలేను. బాకాలో నా గొంతు పగిలిన రేకు మీద గులకరాళ్లలా దొర్లుతోంది.

చెన్నయ్య ఆంప్లిఫయరు చూసి కంగారుగా వెనక్కి తిరిగాడు. “సారూ, జర మెల్లగ. ఎర్రబుగ్గ వెలుగుతుంది.”

“వెలగనియ్ తమ్మీ,” అన్నాను.